ఉప్పునీళ్ల హాస్టల్ల బట్టలు ఎట్ల ఉతుక్కోవాలె

కొత్తగ హాస్టల్ల చేరిన చెల్లెకైనా తమ్మికైనా ఇది. నేను నల్లగొండల డిగ్రీ మూడేండ్లు, పాలమూరుల పీజీ రెండేండ్లు, మొత్తం అయిదేండ్లు ఒక బకెటు ఒక మగ్గుతోని బతికినదాన్ని. ఇంటికాడ ఉన్నప్పుడు ఒక్క దస్తి గూడ ఉతికి ఎరుగను, అమ్మ ఉతుకుతుండె నేను తొడుక్కుంటుంటి, అంతే. హాస్టల్‌కు పోయిన మొదటి నెలలనే నా తెల్ల యూనిఫాం ప్యాంటు బూడిద రంగుకొచ్చింది, తువ్వాల అప్పడం లెక్క గట్టిగయింది, నేనేమో సర్ఫు తక్కువైతుందేమోనని ఇంకింత గుమ్మరిస్తుంటి. సర్ఫుది తప్పు కాదు, నల్లాల వచ్చే నీళ్లది. ఆ సంగతి సమజైనంక మిగతాదంతా అల్కగనే అయింది, అందుకే బట్టల ముచ్చట కన్నా ముందు నీళ్ల ముచ్చట చెప్తా.

ముందుగాల నీళ్లు చూడు

మన దిక్కు చాలా హాస్టళ్లల్ల రెండు తీర్ల నీళ్లుంటయి. మీది ట్యాంకీ నుంచి దినమంతా వచ్చేటియి బోరు నీళ్లు, మనం ఉప్పునీళ్లు అంటం. ఇంకోటి మంచినీళ్లు, భగీరథ పైపుల వచ్చే కృష్ణ నీళ్లు, మా దగ్గరైతే పొద్దుగాల గంటసేపే వస్తుండె, అది గూడ కిందంతస్తుల ఒక్క నల్లాకే. మీ దగ్గర ఏ నల్లాకు ఏ నీళ్లు వస్తయో, ఎన్నింటికి వస్తయో చేరిన మొదటి వారంలనే సీనియర్లను అడిగి తెలుసుకో, టైంటేబుల్ కన్నా ముందు అది.

అనుమానం ఉంటే నువ్వే చూసుకోవచ్చు. చిన్న నీళ్ల బాటిల్ల సగం దాక నీళ్లు పోసి, ఒంటి సబ్బు గోరంత గీకి ఏసి, మూతపెట్టి బాగ గిలకొట్టు. మంచినీళ్లయితే మీద నురుగ నిలవడతది. ఉప్పునీళ్లయితే నురుగ ఇట్ల వచ్చి అట్ల పోతది, నీళ్లు ఇరిగిన పాల లెక్కయి తెల్లటి తరకలు తేలుతయి. బడిల కఠిన జలం అని చదివి పరీక్షల రాసి మర్చిపోయినం గదా, ఇదే అది. నీళ్లల్ల కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే సబ్బు వాటితోని కలిసి కరగని జిడ్డయి కూసుంటది, ఆ జిడ్డు బట్ట పోగులల్ల ఇరుక్కొని తెల్లది బూడిద రంగుకొస్తది, మెత్తంది గరుకయితది. చాలామంది మన నల్లగొండల ఫ్లోరైడ్ ఉంటది గదా అందుకే నురుగ రాదంటరు, కాదు. ఫ్లోరైడ్ పండ్లకు, బొక్కలకు నష్టం, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగొద్దు, కానీ బట్టలతోని దానికి పంచాయితీ లేదు.

ఇగ ఉప్పునీళ్లే దిక్కయినప్పుడు ఏం చెయ్యాలెనంటే, నూనెతోని చేసే పాత తీరు బార్ సబ్బు పక్కకు పెట్టి డిటర్జెంట్ పౌడరో డిటర్జెంట్ బిళ్లనో వాడు, అవి ఈ నీళ్లకు అంత తొందరగ ఓడిపోవు. కిరాణం దుకాణంల బట్టల సోడా దొరుకుతది, వాషింగ్ సోడా అన్నా ఇస్తడు, వంటల ఏసే సోడా వేరు ఇది వేరు. ఒక చెంచా సోడా బకెటు నీళ్లల్ల ముందుగాల కలిపి, అయిదు నిమిషాలు ఆగి, అప్పుడు సర్ఫు ఏస్తే సగం సర్ఫుకే పని అయితది, ఎందుకంటే ఆ సోడా కాల్షియాన్ని ముందే పట్టేసుకుంటది. చేతులు మండుతయి, పట్టు బట్టలకు, ఉన్ని స్వెటర్లకు మాత్రం అస్సలు వాడొద్దు. అన్నిటికన్నా పెద్ద కిటుకు ఇంకోటుంది, ఉతుకుడు, మొదటి జాడింపు ఉప్పునీళ్లతోనే కానీ, ఆఖరి జాడింపు ఒక్కటి మంచినీళ్లతోని చెయ్యి. పొద్దుగాల ఒక బకెటు పట్టి మూతేసి మంచం కింద పెట్టుకుంటే సాయంత్రానికి అక్కరకొస్తది. మూత లేకుంటే మాత్రం దోమలొస్తయి, రూమ్మేట్ తోని లొల్లి అయితది, రెండూ నాకు అయినయి.

ఏ దినం ఉతకాలె

ఆదివారం ఉతకకు. ఆదివారం హాస్టల్ మొత్తం బకెట్లు పట్టుకొని లైన్ల నిలవడ్తది, పదకొండు గంటలకు ట్యాంకీ ఖాళీ, ఒంటి మీద సబ్బుతోని ఒకరు, సర్ఫుల బట్టలతోని ఒకరు వార్డెన్ మేడంను పిలుస్తుంటరు. నేను బుధవారం సాయంత్రం క్లాసులు అయినంక సగం, శనివారం తెల్లారుగట్ల సగం ఉతుకుతుంటి. లోపలి బట్టలు, సాక్సులు, దస్తీలు మాత్రం ఎప్పటియప్పుడు స్నానంకాడనే ఉతికేసుకోవాలె, అయిదు నిమిషాల పని, కుప్ప పడితే మాత్రం పగోనికి గూడ వద్దు. తువ్వాల వారానికి రెండుసార్లు, దిండు గలీబు వారానికోసారి, చద్దరు రెండు వారాలకోసారి. జీన్స్ ఊకూకె ఉతకనక్కర్లేదు, నాలుగైదు సార్లు తొడిగినంక ఉతికినా చాలు, మధ్యల ఒకసారి ఎండకు దండెం మీద ఏస్తే వాసన పోతది.

రంగులు ఏరుడు

తెల్లటియి ఒక దిక్కు, లేత రంగులు ఒక దిక్కు, నలుపు, ఎరుపు, నీలం లాంటి ముదురుటియి ఒక దిక్కు. ఉన్నది ఒక్కటే బకెటు గదా అనకు, అదే బకెటు సర్ఫు నీళ్లల్ల ముందు తెల్లటియి నానేసి తీసి, తర్వాత లేతయి, ఆఖరుకు ముదురుటియి ఏస్తే నీళ్లు, సర్ఫు రెండూ మిగులుతయి. తిరగేసి చేసినవనుకో, అయిపాయె.

కొత్త బట్ట ఏదైనా సరే మొదటిసారి ఒక్కదాన్నే ఉతుకు. రంగు పోతదా లేదా చూడనీకి, అంచు ఒక మూల తడిపి, తెల్ల దస్తి మీద పెట్టి గట్టిగ ఒత్తు, దస్తికి రంగంటుకుంటే అది వేరే బకెటు మనిషే. మా క్లాక్ టవర్ సెంటర్ కాడ ఒక మెరూన్ చున్నీ కొన్న 150 రూపాయలకు, మస్తు ముద్దుగుండె, కొన్న దినమే తెల్ల చుడీదార్‌తోని కలిపి నానేసి అన్నం తినొచ్చిన. వచ్చేసరికి చుడీదార్ గులాబి రంగు, అది గూడ ఒక్క తీరుగ కాదు, మబ్బులు మబ్బులు. ఏడ్చుకుంట ఆరేసిన, అది నేను చేసిన రెండో తప్పు. రంగంటుకున్న బట్టను ఆరనియ్యొద్దు, తడిగున్నప్పుడే వెంటనే కొత్త సర్ఫు నీళ్లల్ల ఏసి మళ్ల మళ్ల జాడిస్తే చాలా మటుకు పోతది, ఎండినంక పట్టుకుంటే ఇడవది. వంట ఉప్పు కలిపిన నీళ్లల్ల నానేస్తే రంగు ఆగుతదని మా అమ్మమ్మ చెప్పేది, ఇప్పటి రంగులకు అది పని చేస్తదని నమ్ముకోకు, నేను నమ్ముకొనే చూసిన.

పండుగలకు ఇంటికాడ నుంచి తెచ్చుకునే పోచంపల్లి కాటన్ డ్రెస్సులు, నారాయణపేట చీరలు ఉంటయి గదా, వాటిని చల్ల నీళ్లల్ల, తక్కువ సర్ఫుతోని, నానేయకుండ ఉతికి, తిరగేసి నీడకు ఆరెయ్యాలె. గద్వాల చీర జోలికి మాత్రం పోవద్దు, ఒళ్లంతా నూలుంటది, అంచు, కొంగు పట్టుంటయి, నూలు తీర్గ ఉతికితే పట్టు ఖరాబయితది, డ్రైవాష్‌కు ఇచ్చెయ్యి, ఫ్రెషర్స్ పార్టీకి అమ్మ చీర తెచ్చినవు గాబట్టి చెప్తున్న.

నానేసుడు, ఉతుకుడు, జాడించుడు

జేబులు చూసుకో ముందు. పది రూపాయల నోటు అయితే ఆరేస్తే బతుకుతది, హాల్ టికెట్ అయితే బతకది.

నీళ్లల్ల ముందు సర్ఫు కరిగించి తర్వాత బట్టలెయ్యి, బట్టల మీద సర్ఫు చల్లితే ఏడవడ్డది ఆడ మచ్చ అయితది. అరగంట నానితే చాలు. రాత్రి నానేసి పొద్దుగాల ఉతుకుదమని అందరం అనుకుంటం, పొద్దుగాల లేస్తే క్లాసుకు టైం అయిపోతది, సాయంత్రానికి ఆ బకెటు మూత తీస్తే రూం మొత్తం చెరువు వాసన. కాలర్లు, చేతుల అంచులు, చుడీదార్ కాళ్ల అంచులు వీటికి మాత్రం నానేసే ముందే సర్ఫు ముద్ద రాసి పది నిమిషాలు పెట్టు, అక్కడ్నే అసలు మురికుంటది, మిగతా బట్టంతా బ్రష్ పెట్టి గీరాల్సిన పని లేదు, చేతులతోని నలిపితే చాలు. బండకేసి బాదుడు జీన్స్‌కు, చద్దర్లకు ఓకే, మన డ్రెస్సులకు గుండీలు పోతయి, కుట్లు పోతయి.

జాడించుడు మూడు నీళ్లు. మూడో నీళ్లల్ల గూడ నురుగ తేలితే సర్ఫు ఎక్కువేసినవని లెక్క, వచ్చేసారి తగ్గించు, నాలుగో బకెటు నీళ్లకు మన హాస్టళ్లల్ల గ్యారంటీ లేదు. తెల్లటిటికి ఉజాల పెట్టేటోళ్లు నాలుగు చుక్కలు నిండు బకెటు నీళ్లల్ల ఏసి బాగ కలిపినంకనే బట్ట ముంచండ్రి, మా రూమ్మేట్ నేరుగ బట్ట మీదనే పోసింది, ఆ అంగి ఎనక నీలం మరక సెమిస్టర్ అంతా ఉండె, అందరు పెన్ను కారిందా అని అడుగుడే.

మరకలు

మొదటి సూత్రం, మరక పడ్డప్పుడే పని. ఆదివారం దాక ఆగితే అది నీతోని పాటే డిగ్రీ చేస్తది.

మెస్సుల పప్పు మరకతోని నాకు మంచి అనుభవం అయింది. తెల్ల టాప్ మీద టమాట పప్పు పడ్డది, రూపాయి బిళ్లంత, పచ్చగ. ఉరికి పోయి సబ్బు పెట్టి రుద్దిన, రుద్దంగనే ఆ పచ్చది కాస్త ఎర్రగ కుంకుమ తీర్గ అయింది, నాకు బుగులు పట్టింది, ఏం చేసిన్నో అని ఇంకింత సబ్బు పెట్టిన, ఇంకింత ఎర్రగయింది. పక్క నల్లాకాడ ఉన్న సీనియర్ అక్క నవ్వి, పసుపుల సున్నం కలిపితే పారాణి ఎర్రగ కాదా పిచ్చిదానా అన్నది. సబ్బుకు గూడ సున్నం గుణమే, పసుపు దాన్ని తాకంగనే ఎర్రబడ్తది, అంతకన్నా ఏం లేదు. సబ్బంతా పోయేదాక జాడించి ఎండకు ఆరెయ్యమన్నది. రెండు దినాలు డాబా మీద మే నెల ఎండకు ఏసిన, మళ్ల ఉతికి మళ్ల ఏసిన, ఇగ ఆ మరక ఏడున్నదో నేను గూడ చూపెట్టలేను. పసుపు రంగు ఎండకు ఆగది, నల్లగొండ ఎండ మనకు చేసే మంచి ఇదొక్కటే కావచ్చు.

నెలసరి మరకలకు, దెబ్బ తాకి కారిన రక్తానికి చల్ల నీళ్లే. వేడి నీళ్లు పోసినవంటే రక్తం బట్టల ఉడికి పట్టుకుంటది, ఇగ పోదు. ముందు చల్ల నీళ్లు ధారగ పోసి, తర్వాత డిటర్జెంట్ రాసి నలిపి, మళ్ల చల్ల నీళ్లు. నూనె మరకకు, మిర్చి బజ్జీది అనుకో, వెంటనే మొఖానికి పూసుకునే పౌడర్ చల్లి పావుగంట ఉంచి దులిపెయ్యి, తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ చుక్క రాసి ఉతుకు. బాల్ పెన్ మరక కింద పాత గుడ్డ పెట్టి, పైన హ్యాండ్ శానిటైజర్ ఏసి అద్దు, రుద్దితే పరుచుకుంటది, కింది గుడ్డకు సిరా దిగుతుంటే గుడ్డ జరుపుకుంట పో. పాలమూరు ఎర్ర మట్టి, చెల్క మట్టి, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపుకు పోయొచ్చినోళ్ల ప్యాంట్లకు అంటేది, తడి మీద రుద్దితే బట్టంతా ఎర్రగయితది, పూర్తిగ ఎండనిచ్చి బ్రష్‌తోని దులిపి అప్పుడు ఉతుకు.

ఆరేసుడు

ఉతికినంత మాత్రాన అయిపోలే. ఎండాకాలంల మనకు గంటల ఆరుతయి, బాధేందంటే మర్చిపోయి సాయంత్రం దాక ఉంచితే రంగు పోతది, అందుకే ముదురు రంగులన్నీ తిరగేసి ఎయ్యి. ఆరేసే ముందు ఒక్కసారి గట్టిగ దులుపు, సగం ముడుతలు అక్కడ్నే పోతయి, ఇస్త్రీ పని తగ్గుతది. క్లిప్పులు పెట్టు, గాలికి కాదు, కోతులకు. మా డాబా మీద నుంచి ఒక కోతి ఒక అక్క చున్నీ ఎత్తుకపోయి వేపచెట్టు మీద కూసొని కప్పుకున్నది, చున్నీ రాలే, కోతి మాత్రం మస్తు ఫోటోలల్ల పడ్డది.

ఆడపిల్లలకు ఒక మాట. లోపలి బట్టలు చున్నీ కింద దాచి, రూంల మూలకు, మంచం కడ్డీకి ఆరేసుడు బంద్ చెయ్యండ్రి. ఎవరన్నా చూస్తరని సిగ్గుకు నేను ఏడాది అట్లనే చేసిన, అవి ఎప్పుడూ సగం తడిగనే ఉండేటియి, దురద మొదలై, తామరయి, నల్లగొండ పెద్ద దవాఖాన్ల డాక్టరమ్మ మొదట అడిగిందే, బట్టలు ఎక్కడ ఆరేస్తున్నవని. తడి బట్ట తామరకు సొంత ఇల్లు. డాబా మీద ఒక దండెం మనదని చెప్పి అందరం కలిసి ఆరేసుకున్నం ఆ తర్వాత, సిగ్గు రెండు దినాలకే పోయింది.

ముసురు పట్టినప్పుడు రూంల ఆరెయ్యక తప్పది. అప్పుడు పిండినంక పొడి తువ్వాలల పెట్టి చాప చుట్టినట్లు చుట్టి, దాని మీద మోకాళ్లతోని ఎక్కి ఒత్తు, సగం తడి తువ్వాల పీల్చుకుంటది. హ్యాంగర్లకు ఏసి, ఒకదానికొకటి తాకకుండ ఫ్యాన్ కింద ఎయ్యి, కిటికీ జర తెరువు, అన్నీ మూసి ఫ్యాన్ ఏస్తే ఆ తడి ఏడికి పోవాలె. ముక్క వాసన వచ్చిన బట్టకు సెంటు కొట్టకు, సెంటు ముక్క రెండూ కలిసి ఇంకో వాసనయితది. మళ్ల సోడా ఏసి ఉతికి ఎండ తగిలించు.

మిగతా చిల్లర పనులు

పోయిన బట్టల లొల్లి ప్రతి హాస్టల్ల ఉంటది. ఎనకట చాకలోళ్లు నల్లజీడి రసంతోని బట్టకు గుర్తు పెట్టేది, అది ఒంటికి తాకితే పుండ్లయితయి గాబట్టి నువ్వు ఆ పని చెయ్యకు, కాలర్ లోపల ఎర్ర దారంతోని రెండు కుట్లు ఏసుకో. అందరి తెల్ల యూనిఫాంలు ఒక్క తీర్గనే ఉంటయి, ఆ రెండు కుట్లే సాక్ష్యం.

మెషీన్ ఉన్న హాస్టల్ అయితే అదృష్టమే, సగానికన్నా కొంచెం ఎక్కువ నింపు, కుక్కితే మురికి పోదు, అయిపోంగనే తీసెయ్యి, లేకుంటే ఎనకొచ్చినోళ్లు నీ తడి బట్టలు కింద పారేస్తరు, వాళ్లను గూడ అనలేం. ఇస్త్రీ పెట్టె చాలా దగ్గర్ల రానియ్యరు, గేటు కాడ ఇస్త్రీ బండి ఉంటే ఒక్కోదానికి ఎంతని ముందే మాట్లాడుకో. లేదంటే కొద్దిగ తడి ఉన్నప్పుడే మడిచి పేపర్ల మధ్యల పెట్టి పరుపు కింద పెట్టి పడుకో, పొద్దుగాలకు పర్వాలేదు అనిపిస్తది. కాటన్ చుడీదార్‌కు గంజి కావాలంటే మెస్సుల అన్నం వార్చే అక్కను ముందురాత్రి అడగాలె, పలుచగ చేసి, గుడ్డల వడపోసి, ముదురు రంగులకు తిరగేసి పెట్టు, లేకుంటే తెల్ల పొట్టు కనవడ్తది.

బకెటుకు పట్టిన తెల్ల పెచ్చు సగం నిమ్మకాయ రుద్ది పావుగంట ఆగితే ఊడుతది. బాత్రూంల కడిగే ఆసిడ్ మాత్రం పోయకు, అక్కడ బ్లీచింగ్ పౌడర్ పడి ఉంటే రెండూ కలిసి విషపు గాలొస్తది.

ఇగ రూంల ఎవరికన్నా రాత్రిపూట ఏళ్ల సందుల్ల, నడుం కాడ దురద మొదలైతే గజ్జి కావచ్చు, దాచొద్దు. డాక్టర్ ఇచ్చిన మందు రూం అందరు ఒకే దినం పూసుకోవాలె, అదే దినం చద్దర్లు, గలీబులు, తువ్వాలలు, అంతకు ముందు మూడు దినాలల్ల తొడిగినయి మంచిగ వేడి నీళ్లల్ల ఉతికి ఎండకెయ్యాలె. ఉతకలేని బొంత, స్వెటర్ లాంటివి కవర్ల కట్టి వారం దినాలు ముట్టకుండ పెట్టు, మనిషి ఒళ్లు దొరక్కపోతే ఆ పురుగు రెండు మూడు దినాల కన్నా బతకది.

ఇంటికి పోయేటప్పుడు

మహాలక్ష్మి పథకం కింద ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినంక మా జూనియర్లు శనివారం శనివారం బట్టల మూట ఎత్తుకొని పల్లెవెలుగు ఎక్కుతున్నరు, అమ్మకు పని చెప్పనీకి. నా మాట వింటే రోజువారీ బట్టలు తీస్కపోకు, చద్దర్లు, బొంత, కర్టెన్లు, మన బకెటుల పట్టనియి మాత్రమే నెలకోసారి తీస్కపో. తడి బట్ట మూటల కట్టకు, మూడు గంటల బస్సుల అది ముక్కిపోతది. ఎండాకాలం సెలవులకు రూం ఖాళీ చేసేటప్పుడు పెట్టెల పెట్టేటియి ఒక దినం ఎండకు ఏసి, చల్లారినంక మడిచి, ఎండిన వేపాకు గుడ్డ సంచిల ఏసి మధ్యల పెట్టు, కలరా ఉండలయితే బట్టకు తాకకుండ కాగితంల చుట్టు. బకెటు బోర్లించి, మగ్గు దాని కింద పెట్టి, మీద నీ పేరు రాయి, జూన్ల మళ్ల వచ్చేసరికి బకెటు ఉండకున్నా మగ్గన్నా ఉంటది.